సందుకు ఒత్తు అక్కరలేదు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. తిరుపతిలో తాతయ్యగుంట దగ్గర మీ అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళే దారి మొదట్లో కొత్తగా ఒక నీలం రేకు బిగించారు. దాని మీద తెల్లటి అక్షరాలతో ‘సంధు’ అని రాశారు. ‘సంధి నుంచి వచ్చిన మాట, ధ ఉండాల్సిందే’ అని మీ మామయ్యగారు అంటున్నారు. ‘అచ్చ తెలుగు మాటకు ఒత్తు ఎక్కడిది?’ అని మీ వాదన. పనిలో పనిగా మరికొన్ని అడిగారు. సందు అంటే అసలు అర్థం ఇరుకు అనేనా? ఇరుకులోని ‘ఇరు’కూ సందుకు ఉండే రెండు గోడలకూ ఏమైనా చుట్టరికం ఉందా? సందె, సందిట, సందడి, సందుగ, సందేహం అన్నీ ఒకే కుటుంబమా? సందుగొందుల్లోని గొంది ఏమిటి?

ముప్పై రెండేళ్ళు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తెలుగు పాఠాలు చెప్పాను. పుట్టి పెరిగింది తీర్థకట్ట వీధిలోంచి చీలే ఒక సందులో. ఈ మాట మీద నాకు చాలా మమకారం ఉంది. అందుకే సమాధానం కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు తీర్పు చెప్పేస్తాను. రాయాల్సింది ‘సందు’ అనే. మాట పుట్టుక విషయంలో మీ మామయ్యగారు చెప్పిందే నాకూ సమ్మతం. అక్షరం విషయంలో మాత్రం మీరే సరి. సంస్కృతం నుంచి వచ్చి తెలుగు నోట నలిగి రూపు మారిన మాటల్లో ఒత్తులు సాధారణంగా నిలబడవు. ఘంట గంట అయింది, భక్తి బత్తి అయింది, సంధ్య సందె అయింది. సందెకు ఎవరూ ధ పెట్టరు కదా. సంధి అని సంస్కృత రూపాన్నే వాడినప్పుడు ఒత్తు ఉంచాలి. అది సంది, సందు అని మన మాటగా మారిపోయాక మళ్ళీ పట్టుకొచ్చి ఒత్తు తగిలిస్తే అది సంస్కృతమూ కాదు, తెలుగూ కాదు.

ఇక అసలు విషయం. సందు అంటే ఇరుకు అని మనకు అనిపించడానికి కారణం మనం చూసిన సందులన్నీ ఇరుకుగా ఉండటమే. మా సందులో నేను పదేళ్ళవాడిగా రెండు చేతులూ చాపితే వేలికొసలు రెండు గోడలకూ ఆనేవి. ఒక కాలు ఈ గోడకు, ఒక కాలు ఆ గోడకు తన్నిపెట్టి, వీపు ఎక్కడా ఆనించకుండా పైకప్పు దాకా ఎగబాకేవాళ్ళం. దిగేటప్పుడు మోకాళ్ళకు సున్నం అంటుకునేది, ఇంట్లో అందుకు చీవాట్లు పడేవి. ఆ సందులో నిలబడితే ఎడమ పక్క ఇంట్లో తాలింపు ఘాటు, కుడి పక్క ఇంట్లో సాంబ్రాణి పొగ ఒకేసారి ముక్కుకు తగిలేవి. ఆ ఇరుకు నాకు బాగా తెలుసు. అయినా చెబుతున్నాను, ఆ మాటలో ఇరుకు లేదు. ఉన్నది ‘నడుమ’.

మనం రోజూ ఎలా వాడుతున్నామో చూడండి. పంటి సందున ఇరుక్కున్న పీచు. కాలివేళ్ళ సందుల్లో ఒరుపు. తలుపు సందులోంచి తొంగిచూడటం. మబ్బుల సందున చంద్రుడు. ఈ చివరిదాన్ని గమనించండి, రెండు మబ్బుల మధ్య ఎన్ని ఆమడల ఆకాశం ఉందో ఎవరికి తెలుసు! అక్కడ ఇరుకు ఎక్కడిది? అటొకటి ఇటొకటి ఉంటే చాలు, నడుమ ఉన్నది సందు. ఈ మాట కాలానికీ పాకింది. ‘పనుల సందున ఒకసారి వచ్చి కలుస్తాను’ అంటాం. ‘సందు దొరికితే చాలు, ఊరికి బయలుదేరతాడు’ అంటాం. ఒకే ఊపున మాట్లాడేవాణ్ణి ‘ఎదుటివాడికి సందివ్వడు’ అంటాం. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. సందు, ఇవ్వడు అనే రెండు మాటలు కలిసి ‘సందివ్వడు’ అయినప్పుడు మొదటి మాట చివరి ఉకారం జారిపోయింది. బడిలో చదువుకున్న ఉత్వ సంధి అదే. సందు తన తోబుట్టువైన సంధికి లోబడి, మాటల మధ్య ఉన్న సందును పూడ్చుకుంది. నా పాఠాల్లో పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా ఉత్వ సంధి వాళ్ళకు మరి మరపుకు రాలేదు.

ఇప్పుడు మీకు ఒక అనుమానం రావాలి. సంధి అంటే కలయిక కదా, ‘సమ్’ అనే ఉపసర్గ ‘ధా’ అనే ధాతువుతో చేరి ‘ఒకచోట చేర్చి పెట్టడం’ అనే అర్థం ఇస్తుంది కదా. శత్రువులు సంధి చేసుకుంటారు. బాణాన్ని వింటికి సంధిస్తారు. నదులను అనుసంధానం చేస్తారు. అన్నీ కలపడాలే. అలాంటి మాటలోంచి ఎడం అనే అర్థం, చీలిక అనే అర్థం ఎలా పుట్టాయి? కలయికకూ ఎడానికీ పొత్తు ఎలా కుదిరింది?

దీనికి నాకు జవాబు పుస్తకాల్లో కంటే ముందు ఒక వడ్రంగి దగ్గర దొరికింది. మా పాత ఇంటి వీధి తలుపు బాగు చేయడానికి మాధవమాల నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కొయ్యబొమ్మలకు పేరుపడిన ఊరు కదా అది, చేతిలో పనితనం ఉంది. రెండు పలకలను దగ్గరకు చేర్చి, వాటి మధ్య బొటనవేలి గోరు పైనుంచి కిందికి జరిపి చూసి ‘సందు కలిసింది సార్’ అన్నారు. కిటికీ దగ్గరకు వెళ్ళి అక్కడి పాత చట్రం మీద అదే గోరు పెట్టి ‘ఇక్కడ సందు విడింది’ అన్నారు. ఆయనకు సందు అంటే ఖాళీ కాదు, కలయికా కాదు. రెండు చెక్కలు ఒకదానికొకటి ఎదురయ్యే గీత. ఆ గీత మూసుకుంటే కూర్పు, తెరుచుకుంటే బీట. చోటు మాత్రం ఒకటే.

ఈ మార్పు మన దగ్గరే జరిగిందా అంటే కాదు, సంస్కృతంలోనే జరిగింది. శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ఆ కన్నానికి అక్కడ వాడిన మాట ‘సంధి’. నీళ్ళు పడి నాని సడలిన చోటు ఏదా అని గోడను తడిమి చూస్తాడు. విచ్చిన తామరలా, సూర్యబింబంలా, బాలచంద్రుడిలా, దిగుడుబావిలా, స్వస్తికంలా, పూర్ణకుంభంలా కన్నాన్ని మలచవచ్చని లెక్కవేసి, కాల్చిన ఇటుక గోడకు పూర్ణకుంభమే అందమని తేల్చుకుంటాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. దొంగ చేసిన రంధ్రానికి సంధి అనే పేరు ఎందుకు వచ్చిందంటే, గోడ ఎక్కడ కూర్చారో అక్కడే విడుతుంది గనుక. అతుకు ఉన్న చోటే బలహీనం. వడ్రంగి గోరు తగిలిన గీత, శర్విలకుడు వెతికిన గీత ఒకటే.

ఒంట్లోనూ అంతే. ఎముకలు కలిసే చోటును సంధి అంటారు, అందుకే సంధివాతం. ఒకసారి మన పొరుగు భాషలు చూడండి. కన్నడంలో కీళ్ళ నొప్పిని ‘సందునోవు’ అంటారు. అక్కడ సందుకు కీలు అనే అర్థం ఇప్పటికీ బతికి ఉంది, చీలిక అనే అర్థమూ ఉంది. తమిళంలో ‘సందు’ అంటే మన సందే, ఇరుకు దారి. మూడు దారులు కలిసే చోటు ‘ముచ్చంది’, నాలుగు కలిసే చోటు ‘నార్చంది’. చివర ఇకారం ఉన్న రూపం కూడలికీ, ఉకారం ఉన్న రూపం ఎడానికీ పంచిపెట్టుకున్నారన్న మాట. నగరి, పుత్తూరు వైపు ఇళ్ళలో ఈ మాటలు రోజూ వినబడతాయి.

కుప్పంలో నేను కొన్నేళ్ళు పనిచేశాను. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి ఆ ఊరిని ఎంచుకోవడం ఎంత సబబో అక్కడి సంతకు వెళితే తెలుస్తుంది. చింతపండు బేరం తెలుగులో మొదలై, తమిళంలో సాగి, కన్నడంలో ముగుస్తుంది. తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒకరు ‘సందుగొందులన్నీ’ వెతికామని చెబితే, పక్కనున్న తమిళం మాట్లాడే అమ్మ ‘సందు పొందెల్లాం’ అంటుంది, కన్నడం మాట్లాడే ఆయన ‘సందిగొంది’ అంటాడు. మూడు భాషల వాళ్ళూ ఆ మొదటి మాటను చెక్కుచెదరకుండా ఉంచుకున్నారు. రెండో మాట దగ్గరే తేడా. తమిళంలోని పొందు చెట్టు తొర్ర, బొరియ లాంటిది. గొంది మనకూ కన్నడానికీ ఉమ్మడి.

గొంది గురించి అడిగారు కనుక చెబుతాను. దానికి సందు అనీ, మూల అనీ రెండర్థాలు ఉన్నాయి. నా చెవికి మాత్రం ఈ రెండు మాటల్లో ఒక తేడా ఎప్పుడూ వినిపిస్తుంది. సందులో దూరితే అవతల తేలతాం. గొందిలో దూరితే ఆగిపోతాం. సందుకు రెండు నోళ్ళు, గొందికి ఒకటే. అందుకే జంటపదంలో రెండింటినీ కలిపారని నా నమ్మకం. దారి ఉన్నవీ లేనివీ, ఏదీ వదలకుండా అని చెప్పడానికి. ఇది నా వాడుక మీద ఆధారపడి చెప్పే మాట, మీ ఊళ్ళో వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ఆ జంటపదం పూర్తి బరువుతో వినబడేది మన గంగజాతరలో. తిరుపతివాళ్ళకు కథ చెప్పనక్కరలేదు, దూరాన ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆడపిల్లల జోలికి పోతున్న పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మ రోజుకో వేషం వేసి ఊరంతా గాలిస్తుంది. బైరాగి, బండ, తోటి వేషాలు కట్టినా వాడు బయటకు రాడు. దొర వేషంలో వస్తే నిజంగా దొరే వచ్చాడనుకుని బయటపడి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఇప్పటికీ మే నెలలో కైకాల కులస్తులు ఆ వేషాలు కట్టి ఇంటింటికీ వస్తారు. మా నాయనమ్మ కథ చెబుతూ ‘అమ్మ సందుగొందులన్నీ వెతికింది నాయనా, మన సందులోకీ వచ్చింది’ అనేది. చివరి మాట అంటూ సందు చివరికి చెయ్యి చూపేది. గోవిందరాజస్వామి వాహనాలు మాడ వీధుల్లోనే తిరుగుతాయి, మేము అక్కడికి వెళ్ళి చూడాలి. గంగమ్మ వేషం మా సందులోకే వచ్చేది. గడపలు కడిగి, పసుపు నీళ్ళు, వేపాకు పట్టుకుని అటు వరుస ఆడవాళ్ళూ ఇటు వరుస ఆడవాళ్ళూ నిలబడితే, నడుమ ఒక మనిషి పట్టేంత చోటే మిగిలేది.

వీధి మాట వచ్చింది గనుక, దానికీ సందుకూ తేడా పుట్టుకలోనే ఉంది. సంస్కృతంలో ‘వీథి’ అంటే వరుస. తెలుగులో థ పోయి ధ వచ్చింది. ఇళ్ళు బారుగా నిలబడితే వీధి. అంటే వీధికి పేరు పెట్టింది ఇళ్ళను చూసి, సందుకు పేరు పెట్టింది ఇళ్ళ మధ్య మిగిలినదాన్ని చూసి. మా తాతగారి నాటి దస్తావేజులో చెక్కుబందీ ఇలా ఉంటుంది: తూర్పున వీధి, పడమర ఫలానా వారి పెరటి గోడ, ఉత్తరాన ‘ఉభయులకూ చెందిన సందు’. ఆ కాగితం చూపించి నాన్న చెప్పేవారు, ఆ సందులో ఒక్క ఇటుక పెట్టాలన్నా పక్కింటివాళ్ళను అడగాలని. ‘ఉభయులకూ’ అనే మాట లేకపోయినా సందు అనే మాటలో ఆ ఉభయులు ఉండనే ఉన్నారు. ఒకే గోడ ఉంటే అది సందు కాదు, గోడ పక్క.

ఇప్పుడు ఇరుకు సంగతి. అందులోని ‘ఇరు’ రెండు కాదు. పాత రాతలో ఇది ‘ఇఱుకు’, బండి ఱ. తమిళంలో ‘ఇఱుక్కు’ అంటే బిగించడం. ఇరువురు, ఇరుగడలు అనే మాటల్లో ఉన్నది మామూలు ర. ఇప్పుడు రాతలో రెండూ ఒకటైపోవడం వల్ల మీకు ఆ అనుమానం వచ్చింది. వచ్చిన తీరు నాకు నచ్చింది. రెండు గోడల ఊహ మీకు ముందే తట్టింది, కాకపోతే దాన్ని ఇరుకులో వెతికారు, అది సందులో ఉంది.

మిగిలిన మాటలకు వస్తాను. సందె మన ఇంటి బిడ్డే. పగలూ రాత్రీ కలిసే వేళ సంధ్య, అదే సందె. పొద్దు గూకాక, దీపం పెట్టేలోగా ఉండే ఆ కాసేపు రోజు మొత్తానికి సందు లాంటిది. బాల్యం పోతూ యవ్వనం వస్తున్న వయసును వయస్సంధి అనడం కూడా ఈ చూపుతోనే. సందిట కూడా ఈ ఇంటిదే. సందిలి అంటే బాహువు, రెండు చేతుల నడుమ చోటు. కౌగిలి కౌగిట అయినట్టు, వాకిలి వాకిట అయినట్టు సందిలి సందిట అయింది. బిడ్డను సందిట చేర్చుకుంది అంటే రెండు చేతుల సందున పొదువుకుంది అని. పాత నగల పేర్లలో సందిదండ ఉంది, మోచేతికి పైన తొడిగేది. సందులన్నింటిలోనూ తల్లి సందిలి ఒక్కటే వెచ్చన అని మా నాయనమ్మ అనేది, వ్యాకరణం చదవకుండానే ఆవిడకు ఆ చుట్టరికం తెలుసు.

సందడి దగ్గర మాత్రం తొందరపడవద్దు. దాన్ని సందుకు ముడిపెట్టడానికి నాకు మనసొప్పదు. ఇప్పుడు మనం సందడి అంటే హడావిడి, కళకళలాడటం అనుకుంటున్నాం. వెనక దానికి గుంపు, తోపులాట అనే అర్థం గట్టిగా ఉండేది. తాళ్ళపాక అన్నమయ్య స్వామి మజ్జనవేళ ‘సందడి విడువుము’ అని పాడాడు. పండుగ మానేయమని కాదు, గుంపును తప్పించి దారి ఇవ్వమని. ఆ మాట ఇప్పటి తిరుమల వరుసల్లో నిలబడినవాళ్ళకు ఎంత బాగా అర్థమవుతుందో! ‘సందట్లో సడేమియా’ అనే సామెత కూడా ఈ సందడిదే. చాలామంది దాన్ని ‘సందులో సడేమియా’ అని రాస్తున్నారు. రద్దీలో తన పని చక్కబెట్టుకునేవాడి గురించి సామెత అది, ఇరుకు దారిలో నడిచేవాడి గురించి కాదు.

సందుగ పూర్తిగా వేరే ఊరి నుంచి వచ్చింది. అరబ్బీ మాట ‘సందూక్’ పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరి సందుగ, సందూకు అయింది. సందేహం, సందేశం చూడటానికే ఒకలా ఉంటాయి. వాటిలోనూ ‘సమ్’ ఉంది గానీ వెనక ఉన్న ధాతువులు ‘దిహ్’, ‘దిశ్’. వాటి దకు పుట్టుకలోనే ఒత్తు లేదు.

సందు అసలు ద్రావిడ మాటే కావచ్చు కదా అని మీరు మళ్ళీ అడుగుతారని తెలుసు. నేను సంధి పక్షాన నిలబడటానికి కారణం ఒక్కటే. కీలు, అతుకు, చీలిక, ఎడం, వేళ అనే ఈ అర్థాలన్నీ సందు, సంధి అనే రెండు రూపాలకూ ఉన్నాయి. మూడు పొరుగు భాషల్లోనూ ఇకారాంతమూ ఉకారాంతమూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఇన్ని పోలికలు యాదృచ్ఛికంగా కుదరవు. అలాగని సందు తెలుగు మాట కాకుండా పోదు. గంటను తెలుగు కాదని ఎవరంటారు? ఇన్ని తరాలుగా మన పళ్ళ నడుమ, తలుపుల నడుమ, ఇళ్ళ నడుమ తిరిగిన మాట ఇది.

హైదరాబాదు వైపు నుంచి వచ్చిన గల్లీ కూడా మంచి మాటే, తెలంగాణలో అది ఇంటి మాట. కానీ మన ఊరి బోర్డులకు సందు ఉండగా మరొకటి వెతకవద్దని నా కోరిక. ఇప్పుడు చాలా సందుల మొదట్లో ‘క్రాస్’ అనీ అంకె అనీ రాస్తున్నారు. మీ అమ్మమ్మగారి వీధివాళ్ళు పాత మాటనే ఉంచుకున్నందుకు, తప్పు రాసినా సరే, నాకు సంతోషంగా ఉంది.

రేకు మార్చమని ఎవరితోనూ పేచీ పెట్టుకోకండి. ద కు, ధ కు తేడా అడుగున ఉన్న ఆ చిన్న నిలువు గీతే. మీ మామయ్యగారు ఒప్పుకుంటే ఒక స్టూలు వేసుకుని, సన్నటి కుంచెతో ఆ గీత మీద నీలం రంగు ఒక్కసారి అద్దండి. తెల్ల గీత బాగా కప్పుకోవాలంటే ఆరాక రెండో పూత పడుతుంది.